అపవాదగ్రస్తుఁడగు నధికారియు, అతిమానవ రక్షకుఁడును

అపరాధ మెఱుఁగని రాజోద్యోగి యొకఁడు కుట్రకు లోనై నిందపాలగుట, ధనమును బలుకుబడియుఁ గల వర్గ మొకటి వానిని నశింపఁజేయఁ బూనుట, తుట్టతుదకు మానవాతీతమగు శక్తిగల రక్షకుఁడు దిగివచ్చి వానిని గాపాడుట అను నీ కథాసూత్రము నేఁడు చలనచిత్రములందును బొమ్మల కథలందును మిక్కిలి ప్రచారమున నున్నది. ఇట్టి రక్షకునికి 'సూపర్‌హీరో' యను పేరు లోకమున రూఢమైనది. పేరు క్రొత్తదే కాని సూత్రము మనకుఁ గ్రొత్తది కాదు. తెలుఁగువారి భక్తచరిత్రములలో దీనికి ముందే స్థానము గలదు. అందుచే దీనిని విదేశీయ వస్తువని త్రోసివేయక, మన కథలతోఁ బోల్చి పరిశీలించుట యుక్తము. ఈ పరిశీలనమున నా ప్రశ్న యొక్కటియే. రక్షకుఁడు వచ్చిన పిదప నిందితుని నిర్దోషిత్వము స్థాపిత మగుచున్నదా, లేక వాని ప్రాణము మాత్రమే నిలుచుచున్నదా?

ఈ విచారమునకు సత్యవేటి ప్రాంతము తగిన తావు. సత్యవేడు 1960 ఏప్రిల్ 1 వఱకు మద్రాసు రాష్ట్రమునందలి చెంగల్పట్టు జిల్లాలోనిది. పటాస్కరు నిర్ణయము ననుసరించి జరిగిన సరిహద్దు మార్పుచే ఆంధ్రప్రదేశమునఁ జేరి చిత్తూరు జిల్లాలో భాగమయ్యెను. 2022లో నేర్పడిన తిరుపతి జిల్లాలో నిపు డున్నది. ఉత్తరమునఁ దిరుమలకొండ, దక్షిణమునఁ జెన్నపట్టణము, రెండును దీనికిఁ జేరువ. తిరుమల నుండి భక్తుని నిందబాపిన దేవుని కథయు, చెన్నపట్టణము నుండి కంపెనీ కుట్రల కథయు ఈ సీమకు వచ్చినవి. చెంగల్పట్టు జాగీరు 1763లో ఆర్కాటు నవాబు వలన ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. నాఁడు కంపెనీ యనఁగా రాజ్యమే. 2008లో నారంభమైన శ్రీసిటీ పారిశ్రామిక మండలము వలన నేఁడు సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో అదే మాట జీవనోపాధికి వాచకమైనది. ఒకే మాట రెండు కాలములలో రెండు విధములగు బలములను సూచించుట విమర్శకుఁడు గమనింపఁదగినది.

మొదట రామదాసు చరిత్రమును దీసికొందము. కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాఁడు. గోలకొండ నేలిన అబుల్ హసన్ కుతుబ్‌షాకు, అనఁగాఁ దానాషాకు, మంత్రులైన అక్కన్న మాదన్నల మేనల్లుఁడు. పాల్వంచ పరగణాకుఁ దహసీల్దారై, వసూలైన రాజధనమును భద్రాచలమున శ్రీరామాలయమునకు వినియోగించెనని గోలకొండ చెఱలోఁ బండ్రెండేండ్లు నిర్బంధింపఁబడెను. పిదప రామలక్ష్మణులు రామోజి, లక్ష్మోజి యను పేర్లతో వచ్చి 6 లక్షల మొహరీలను దానాషాకుఁ జెల్లించి రసీదు గైకొని యాతని విడిపించిరని కథ. కాలగణనమున నొక చిక్కు గలదు. తానాషా 1672 నుండి 1687 వఱకు రాజ్య మేలినవాఁడు. పదునైదేండ్ల యేలుబడిలోఁ బండ్రెండేండ్లు చెఱకే చెల్లినచో, ఉద్యోగప్రాప్తి మొదలు విడుదల వఱకుఁ గల తక్కిన కార్యములన్నింటికి మూఁడేండ్లే మిగులును. ఉద్యోగము పూర్వరాజు కాలముననే లభించెనన్నఁ గాని కథ కుదురదు. ఇది చరిత్రకారులు తేల్చవలసిన విషయము. మన పని కథయొక్క తీరును జూచుట.

ఈ కథలో గోపన్నపై మోపఁబడిన నేరము పూర్తిగాఁ గల్పితము కాదు. ధనము వసూలైనది, వ్యయమైనది, ఖజానాకుఁ జేరలేదు. ఆతఁడు తనకై వాడుకొనలేదనుటయే యాతని సమాధానము. కనుక నిచటి వివాదము 'చేసెనా, చేయలేదా' యనునది కాదు. 'ఎవరి ధనమును ఎవరికై వెచ్చించెను' అనునది. రాముఁడు వచ్చి యేమి చేసెను? బాకీని జెల్లించెను. బాకీని జెల్లించుట బాకీ యున్నదని యొప్పుకొనుటయే. తానాషా తీర్పు తప్పని రాముఁడు వాదింపలేదు, రాజు లెక్కను రాజునకే తీర్చి రసీదు నడిగెను. కావున రామదాసు చరిత్రమును అపవాదవిమోచన కథ యనుట కంటె ఋణవిమోచన కథ యనుట సమంజసము.

మఱియొక విశేషము. రామదాసు కీర్తనలలో నొకదానియందు దేవునికిని, దేవికిని, పరివారమునకును జేయించిన నగలును, వాని వెలలును వరుసగా నెంచఁబడినవి. కారాగారముననున్న యుద్యోగి సమర్పించిన జమాఖర్చు ఇదియే. దానిని విన్నవాఁడు రాజు కాఁడు, దేవుఁడు. లెక్క చెప్పవలసిన సభలో చెప్పుట కవకాశము లేక, వేఱొక సభలోఁ జెప్పుకొనవలసి వచ్చినవాని దైన్యము ఆ కీర్తనయందుఁ గలదు. నిందాస్తుతి యని మనము దానిని మెచ్చుకొందుము గాని, అది యొక విచారణ లేని ఖైదీ వాఙ్మూలమని తఱచు గుర్తింపము. భక్తిరసము దానికిఁ బైపూఁత కాదు, నిజమే. కాని యా భక్తికి ఆశ్రయమైనది యొక యుద్యోగి యవమానము.

ఇదే వంశమున మఱియొక కథ జరిగినది. 1686లో మొగలాయి దండయాత్రాకాలమున, గోలకొండ దర్బారులోని కొందఱు ప్రముఖుల కుట్రచే అక్కన్న మాదన్నలు వీథిలో హత్యకు గుఱియైరి. దండయాత్రకుఁ గారణము వీరేయను నింద వారిపైఁ బడెను. వారికొఱకు రామోజియు లక్ష్మోజియు రాలేదు. మేనల్లుని కథ కీర్తనలై యింటింటఁ బాడఁబడుచున్నది. మేనమామల కథ చరిత్ర గ్రంథములలో నిలిచినది. రక్షకుఁడు వచ్చిన కథను జనులు పాడుకొందురు, రాని కథను లిఖించుకొందురు. ఈ రెండింటిని బ్రక్కప్రక్క నుంచి చదివినఁగాని ఆ కాలపు టుద్యోగి జీవితము బోధపడదు.

ఇఁక తిరుమలలోని హథీరాం బావాజీ కథ. ఉత్తరదేశము నుండి వచ్చిన యీ సాధువుతో శ్రీవేంకటేశ్వరుఁడు పాచికలాడుచుండెననియు, ఒకనాఁడు స్వామి కంఠహారము బావాజీ మఠమునఁ గానవచ్చుటచే నాతఁడు దొంగయని నిందింపఁబడెననియు, సత్యమును నిరూపించుకొనుటకై బండెడు చెఱకును రాత్రి తెల్లవాఱులోపలఁ దినవలెనని పరీక్ష పెట్టిరనియు, స్వామి యేనుఁగై వచ్చి యా చెఱకును దినిపోయెననియుఁ గథ. ఇచటి నింద నిజముగా నపవాదము. రక్షకుఁ డిచటఁ బరీక్షను దానే నెఱవేర్చెను. బాకీ చెల్లింపు కాదు, సాక్ష్యము. అందుచే నీ కథ రామదాసు కథకంటె మన సూత్రమునకు దగ్గఱ. బావాజీ అప్పటికి రాజోద్యోగి కాఁడు. కాని యాతని పేర వెలసిన మఠమువారికి 1843లో ఈస్టిండియా కంపెనీ దేవస్థాన పాలనమును వదలి యప్పగించెను. 1933లో దేవస్థాన సమితి యేర్పడు వఱకుఁ దొంబదియేండ్లు మహంతులే విచారణకర్తలు. ఆలయధనమును దొంగిలించెనను నిందతో నారంభమైన కథ, ఆలయధనమునకుఁ గావలియగు వంశపరంపరకు మూలకథ యయ్యెను. దేవుఁడే సాక్షియై నిర్దోషి యని తేల్చినవాని శిష్యులను శంకించుట కష్టము గదా. కథలు నిందితునే కాక, తరువాతి యధికారమును గూడఁ గాపాడునని దీనివలనఁ దెలియుచున్నది.

ఈ రెండు కథలును ఇటీవల చలనచిత్రములైనవి. 2006లో 'శ్రీరామదాసు', 2017లో 'ఓం నమో వేంకటేశాయ' వెలువడినవి. రెండింటికి దర్శకుఁడు కె. రాఘవేంద్రరావే, నాయకపాత్రధారి అక్కినేని నాగార్జునయే. నిందపడిన భక్తుఁడు, మాఱువేషమున వచ్చు దేవుఁడు అను సూత్రముయొక్క బలము మన ప్రేక్షకులలో సన్నగిల్లలేదనుట కిది నిదర్శనము.

ఇపుడు చెన్నపట్టణపు కథకు వత్తము. 1789-90 ప్రాంతమున జాన్ హాలండు మద్రాసు గవర్నరుగా నుండఁగా, ఆతనికి అవధానము పాపయ్య యనువాఁడు దుబాసీ. దుబాసీ యనఁగా రెండు భాషల నెఱిఁగిన మధ్యవర్తి. కాని యాచరణమున దొరవారి కన్నును జెవియు నాతఁడే. కంపెనీ రెవిన్యూ బోర్డు సభ్యుఁడగు డేవిడ్ హాలిబర్టను అనునాతనిపై నీ పాపయ్యయు ననుచరులును గలసి కుట్రచేసి నేరము మోపిరి. 1792లో మద్రాసు న్యాయస్థానమున విచారణ జరిగి పాపయ్య దోషిగా నిర్ణయింపఁబడెను. ఆ విచారణ వృత్తాంతము లండను నగరమున ముద్రితమైనది. చెన్నపట్టణమునఁ జూళై పేటలో అవధానము పాపయ్య పేర నొక వీథి యిప్పటికిని గలదు. నిందించినవాని పేరు వీథికి నిలిచినది. నిందపడినవాని పేరును జనులు మఱచిరి.

సర్ వాల్టరు స్కాటు హిందూదేశమునకు వచ్చినవాఁడు కాఁడు. ఐనను 1827లోఁ బ్రకటించిన 'సర్జన్స్ డాటర్' అను కథలో గవర్నరు దుబాసీగాఁ బాపయ్యను బ్రవేశపెట్టెను. కథాకాలము హైదరాలి కాలము. హైదరు 1782లో మరణించెను. పాపయ్య పేరు మ్రోఁగినది అటుపిమ్మట. ఈ కాలవ్యత్యాసము నవలాకారునకు దోషముగా నెన్నఁదగినది కాదు. విమర్శింపఁదగినది వేఱొకటి. స్కాటు కుట్రదారుని మాత్రము చరిత్రనుండి తీసికొని, నిందితుఁడైన యుద్యోగిని విడిచెను. ఆ స్థానమున మోసపోయి టిప్పు పాలఁబడనున్న యువతిని నిలిపెను. రక్షకుని స్థానమున ఫకీరువేషమున నున్న హైదరాలిని నిలిపెను. బెంగుళూరి దర్బారులో వృద్ధఫకీరు వేషము దొలఁగించి తానే హైదరునని తెలిపి, కుమారుని మందలించి, కన్యను విడిపించును. ద్రోహిని ఏనుఁగు త్రొక్కి చంపును.

ఈ ఘట్టమును మన కథలతోఁ బోల్చి చూడుఁడు. మాఱువేషమున వచ్చిన ప్రభువు రామోజిని దలపించును. తిరుమల యేనుఁగు చెఱకు దిని నిర్దోషిని నిలిపెను. స్కాటు ఏనుఁగు దోషిని దునిమెను. మొదటిదానియందు సత్యము వెల్లడియైనది, రెండవదానియందు శిక్ష నెఱవేఱినది. న్యాయస్థానమున సాక్షులు చెప్పిన మాటలచే నిర్ణీతమైన యొక వ్యవహారము నవలలోనికి వచ్చుసరికి వేషధారియగు ప్రభువు వలనను, ఏనుఁగు వలనను ముగిసినది. సాక్షుల మాటలలో రసము లేదని నవలాకారుఁడు తలఁచెను గాఁబోలు. ఇదియే యీ కథాసూత్రముయొక్క దౌర్బల్యము.

సాక్ష్యములో రసము లేదనుట సరికాదని విశాఖదత్తుని ముద్రారాక్షసము చెప్పుచున్నది. అందు రాక్షసమంత్రి కపటలేఖచేతను, ముద్రచేతను, ఆభరణములచేతను మలయకేతుని యెదుట ద్రోహిగాఁ జూపఁబడును. ఆతఁడు పలికిన నిజమునకు విలువ లేదు. లేఖ యాతని యుంగరపు ముద్రను ధరించియున్నది. మానవాతీతుఁ డెవ్వఁడును రాఁడు. కడపటి యంకమునఁ గుట్రపన్నిన చాణక్యుఁడే యా లేఖయు, ఆ నగలును, ఆ సేవకులును దన నీతిప్రయోగములని విప్పి చెప్పును. ప్రేక్షకునికిఁ గలుగు విస్మయమునకుఁ గొఱఁత లేదు. కుట్ర యే దారమున నల్లఁబడెనో యా దారముననే విప్పుట అందలి రహస్యము.

పాశ్చాత్యుల సూపర్‌హీరో కథలకు మొదటిదిగా నెన్నఁబడునది 1938లో అమెరికా దేశమున జెరీ సీగెలు రచించి జో షుస్టరు చిత్రించిన 'సూపర్‌మాన్'. ఆ మొదటి కథయందే, చేయని హత్యకు మరణశిక్ష పొందనున్న యొక స్త్రీని విడిపించుటకై యాతఁడు రాత్రివేళ గవర్నరు భవనమునకుఁ బోవును. ఉక్కుతలుపును విఱుచును. ఇంతవఱకు బలమే. ఆ తరువాత నేమి చేయును? గవర్నరు చేతిలో నిజమైన హంతకి సంతకము చేసిన యొప్పుదల పత్రము నుంచును. గవర్నరు శిక్ష నిలుపుఁడని యాజ్ఞాపించును. చెఱసాల గోడను బ్రద్దలు చేసి యామె నెత్తుకొనిపోవుట యాతనికి నిమిషములో పని. ఐనను కథాకర్త యట్లు చేయింపలేదు. అట్లు చేసినచో నామె పాఱిపోయిన హంతకి యగును గాని నిర్దోషి కాదు. అదే సంచికలో శాసనసభ్యుని లోఁబఱచుకొను మధ్యవర్తియు, తరువాతి సంచికలో వాని వెనుకనున్న ఆయుధముల వ్యాపారియుఁ గనఁబడుదురు. కనుక వ్యాపారుల కుట్రయు ఆ కథలకుఁ దొలినాఁటి వస్తువే. ఈ మొదటి కథలోని వివేకము తరువాతి యనుకరణములలో నెల్లచోటులఁ గానరాదు. మన తెలుఁగున 1980లో నందమూరి తారకరామారావు నటించిన 'సూపర్‌మాన్', 2024లో ప్రశాంత్ వర్మ దర్శకత్వమున వచ్చిన 'హనుమాన్' మొదలగునవి నాయకునికి ఆంజనేయుని బలమును బ్రసాదించి కథను మన భూమిలో నాటినవి. ఆంజనేయుఁడు సముద్రమును దాఁటిన బలశాలి మాత్రమే కాఁడు. అంగుళీయకమును జూపి సీతకు నమ్మకము గలిగించినవాఁడు, చూడామణిని దెచ్చి రామునకు సాక్ష్యము చూపినవాఁడు. బలముతోపాటు ఆనవాలును మోసికొని వచ్చినందుననే యాతని రాయబారము ఫలించెను. మన కథకులు లంకాదహనమును గైకొన్నంత యాసక్తితో ఆనవాలును గైకొనలేదు.

సత్యవేటికి జేరువనున్న పల్లెలలోను, చిత్తూరు తిరుపతి జిల్లాల దక్షిణభాగమునను ద్రౌపదీ ధర్మరాజుల గుడులయొద్ద భారతోత్సవములు జరుగుట ప్రసిద్ధము. పగలు హరికథయు, రాత్రి వీథినాటకమును నడచును. వస్త్రాపహరణపు రాత్రి జనులు కన్నీరు విడుతురు. వస్త్రములు తఱుగకుండుటఁ జూచి గోవిందనామము చేయుదురు. ఆ రక్షణము మహాద్భుతము. కాని ద్రౌపది సభలో నడిగినది వస్త్రము కాదు. తన్నుఁ దానోడిన రాజు తరువాత నన్నొడ్డుట ధర్మమా యని యడిగెను. భీష్ముఁడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. వికర్ణుఁడు నోరు విప్పెను. కృష్ణుని కరుణచే మానము నిలిచినది; ప్రశ్నకు సభ యుత్తర మీయలేదు. ఆ యీయని యుత్తరమే కురుక్షేత్రమునకు దారితీసెను. కనుక మన మహాకావ్యము రక్షణమునకును, నిర్ణయమునకును గల భేదము నెఱిఁగినది. రక్షణము దేవుని పని. నిర్ణయము సభవారి పని. సభవారు తమ పనిని దేవునిపై వేసి యూరకుండరాదు.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. రసమే కావ్యమునకు జీవమనియు, నిర్వహణసంధి యందు అద్భుతరస ముండవలెనని భరతుఁడే విధించెననియు, పామరజనమునకు న్యాయస్థానపు సాక్ష్యముకంటె దేవుని రాక యూఱట నిచ్చుననియు ననవచ్చును. ఇది త్రోసివేయఁదగిన మాట కాదు. నింద ననుభవించువానికి మొదటి యక్కఱ ప్రాణము, రెండవది సత్యము. చెఱలో నున్నవానికి రామోజి రాకయే చాలును. ఐనను అద్భుతము నిర్వహణమునఁ బొసఁగుటకుఁ బూర్వసంధులలో దానికి బీజ ముండవలెను. క్షేమేంద్రుఁడు చెప్పిన యౌచిత్య మిదియే. బీజము లేని యద్భుతము ప్రేక్షకుని విస్మితుని జేయును గాని, యాతని సంశయమును దీర్పదు. నిందితుఁడు ఇంటికి మరలివచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువారు 'ఎవరో బలవంతుఁడు విడిపించె నఁట' యని చెవులు కొఱుకుకొన్నచో, ఆ రక్షణ మసంపూర్ణము. ఉద్యోగి బ్రదుకు పేరుమీఁద నడచునది. పేరు తిరిగిరానిదే పదవి తిరిగి వచ్చియుఁ బ్రయోజనము స్వల్పము.

కావున నిట్టి కథలను బరీక్షించుటకు మూఁడు ప్రశ్నలను సూచింతును. మోపఁబడిన నేర మెట్టిదో కథ స్పష్టముగాఁ జెప్పినదా? రామదాసు కథవలె బాకీకిని అపవాదమునకును భేద మున్నదని గ్రహించినదా? ఇది మొదటిది. నిజము నెవరు పలికిరి, ఆనవా లెవరు తెచ్చిరి అనునది రెండవది. నిందించిన సభయే తన తప్పు నొప్పుకొన్నదా యనునది మూఁడవది. ఈ మూఁటిలో హథీరాం కథ రెండింటిని దీర్చును. రామదాసు కథ మొదటిదానియందే చిక్కుకొనును. స్కాటు నవల మూఁటిని దాఁటవేయును. ముద్రారాక్షసము మొదటి రెండింటిని సంపూర్ణముగాఁ దీర్చి మూఁడవదానికి దగ్గఱకు వచ్చును.

నేఁటి కాలమునఁ గుట్రలు కేవలము దర్బారులలో జరుగునవి కావు. లెక్కల పుస్తకములలో, ఒప్పందపు పత్రములలో, సంతకములలో జరుగును. వానిని ఛేదించు నాయకునికిఁ గండబలముకంటెఁ గాగితము చదువు నోర్పు ముఖ్యము. అట్టి నాయకుని రసవంతముగాఁ జిత్రించుట మన కథకులకు సాధ్యమే. విశాఖదత్తుఁడు దానిని సాధించి చూపినాఁడు. దుబాసీ పాపయ్య కుట్రను న్యాయస్థానమున బయటఁబెట్టిన సాక్షులను నాయకులుగాఁ జేసి తెలుఁగున నాటకము వ్రాయు కవి యింకను బుట్టవలసియున్నాఁడు. వస్తువు మనది, స్థలము మనకుఁ జేరువ, విచారణ వృత్తాంతము ముద్రితమై యున్నది. అట్టి కృతి వెలువడునేని, రామోజికిఁ జెల్లించు నమస్కారమునకు లోపము గలుగదు. పండ్రెండేండ్లు లెక్క చెప్పుకొనుటకు సభ దొరకని గోపన్నకు మాత్రము కొంత న్యాయము జరుగును. పండితులు దీనిని విచారింతురు గాక.